తప్పు బయటపెట్టాలంటే ఏసీబీనా, ఆర్టీఐనా, సీవీసీ కవరా, విలేకరా: ఏది మేలు?

మండల ఆఫీసులో ఒక దొంగ బిల్లు పాసైందంటే ఆ సంగతి ఎరుక ఉన్నవాళ్లు ముగ్గురో నలుగురో ఉంటారు. రాసినవారు, సంతకం పెట్టినవారు, కంప్యూటర్‌లో ఎక్కించినవారు. రేపు అది బయటికొస్తే ఎవరు చెప్పారో కనిపెట్టడానికి ఫోన్లు ట్యాప్ చేయనక్కర్లేదు, వేళ్లు లెక్కపెడితే చాలు. నల్లగొండైనా, పాలమూరైనా, నాగర్‌కర్నూలైనా దారి ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఈ దారిలో నా పేరు ఎవరి చేతికి పోతుంది, ఎప్పుడు పోతుంది?

చట్టం కాపాడుతుందిలే అనుకోవద్దు. విజిల్ బ్లోయర్స్ రక్షణ చట్టం 2014లోనే వచ్చింది, రాష్ట్రపతి సంతకమూ అయింది. అమలు తేదీ మాత్రం ప్రకటించలేదు. కాబట్టి కాయితం మీద ఉన్న ఆ చట్టాన్ని పక్కనబెట్టి, నిజంగా నడుస్తున్న దారులనే పోల్చి చూద్దాం.

ముందు ఫోన్ సంగతి

2024 మార్చిలో హైదరాబాద్ పంజాగుట్ట స్టేషన్‌లో ఫోన్ ట్యాపింగ్ కేసు నమోదైనప్పటి నుంచి జిల్లాల్లో కూడా చాలామందికి ఫోన్ ఎత్తాలంటే జంకు. మావోయిస్టుల కోసం పెట్టిన స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరోను రాజకీయ నాయకుల మీద, ఇతరుల మీద వాడారని, ఎన్నికల ఫలితాలు రాగానే హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని అందులో ఆరోపణ. నిఘా అసలు వద్దనడం ఈ ప్రాంతంలో అంత తేలిక కాదు. 2005 ఆగస్టు 15న నారాయణపేటలో మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని మావోయిస్టులు కాల్చి చంపారు. నల్లమల అంచున ఉన్న ఊళ్లకు ఆ రోజులు గుర్తే. వివాదం నిఘా ఉండాలా వద్దా అన్నచోట లేదు, అనుమతి ఎవరిస్తారు, దాన్ని ఎవరు తనిఖీ చేస్తారు అన్నచోట ఉంది. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం కింద 2024 డిసెంబరులో వచ్చిన నియమాల ప్రకారం రాష్ట్రంలో ట్యాపింగ్ ఆదేశం హోంశాఖ కార్యదర్శి ఇవ్వాలి. అత్యవసరమైతే ఐజీ స్థాయి అధికారి ఇవ్వొచ్చు, కానీ ఏడు పనిదినాల్లో దానికి ధ్రువీకరణ రావాలి. ఒక ఆదేశం 60 రోజులు, పొడిగించుకుంటూ పోయినా 180 రోజులు మించకూడదు. సమీక్ష కమిటీకి అధ్యక్షుడు ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి. అంటే అడిగేదీ ప్రభుత్వమే, ఇచ్చేదీ ప్రభుత్వమే, తప్పొప్పులు చూసేదీ ప్రభుత్వమే. జడ్జి ఎక్కడా లేరు. ఈ లోపం అలా ఉండగా, హోంశాఖ దాకా పోకుండానే ఫోన్ గుట్టు చెప్పేది ఇంకొకటుంది.

అది కాల్ రికార్డు, సీడీఆర్. మాటలు వినడం కాదు, ఎవరు ఎవరికి ఎన్ని గంటలకు చేశారు, ఏ టవర్ కింద ఉన్నారు అన్న పట్టిక. దర్యాప్తులో పోలీసులు కంపెనీ నుంచి తెప్పించుకోవడానికి హోంశాఖ కార్యదర్శి ఆదేశం అక్కర్లేదు. కంపెనీలు దాన్ని కనీసం రెండేళ్లు దాచాలి. మీరు విలేకరికి చేసిన రెండు నిమిషాల కాల్ ఆ పట్టికలో ఉంటుంది. కొత్త సిమ్ కొని పాత హ్యాండ్‌సెట్‌లో వేస్తే హ్యాండ్‌సెట్ గుర్తింపు నంబరు (ఐఎంఈఐ) అదే కాబట్టి రెండు సిమ్ములూ ఒకరివేనని తెలిసిపోతుంది. వాట్సాప్‌లో మాట దాగుతుంది కానీ, మాట్లాడుకున్న సంగతి అంతగా దాగదు.

ఏసీబీ 1064

మిమ్మల్నే లంచం అడుగుతుంటే దీనికి సాటి వేరే దారి లేదు. 1064 టోల్‌ఫ్రీ. ఏసీబీకి నల్లగొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ ఆఫీసులున్నాయి. రాతపూర్వక ఫిర్యాదు తీసుకుని, నిజంగా అడుగుతున్నారా లేదా సరిచూసి, తర్వాత వల పన్నుతారు. నోట్ల నంబర్లు రాసుకుంటారు, ఫినాఫ్తలీన్ పొడి అద్దుతారు. మధ్యవర్తులుగా, అంటే సాక్షులుగా, ఇద్దరు వేరే శాఖ ఉద్యోగులు ఉంటారు. డబ్బు పట్టిన చేతిని సోడియం కార్బొనేట్ నీళ్లలో ముంచితే గులాబీ రంగు వస్తుంది.

కేసులు ఎక్కువగా వీగిపోయేది రంగు దగ్గర కాదు, "అడిగారు" అన్న మాట దగ్గర. ఆయన అడగకముందే తొందరపడి చేతిలో పెట్టేస్తే డిమాండ్ రుజువు కాదు. "సార్, ఆ రోజు చెప్పిన పని" అని మాత్రం అని, ఆయన నోటితో డబ్బు మాట వచ్చేదాకా ఆగాలి. "ఎదుటి డాక్యుమెంట్ రైటర్‌కు ఇవ్వు" అంటే ఆ సంగతి ముందే ఏసీబీ వాళ్లకు చెప్పాలి. దళారి కూడా అదే చట్టం కింద నేరస్థుడే. ఫిర్యాదుదారు తర్వాత మాట మార్చినా, చనిపోయినా మిగతా సాక్ష్యంతో శిక్ష వేయొచ్చని 2022 డిసెంబరులో నీరజ్ దత్తా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఒకవేళ బెదిరింపుకు లొంగి ఇప్పటికే ఇచ్చేసి ఉంటే ఏడు రోజుల్లోగా పోలీసులకో ఏసీబీకో చెప్పాలి. ఆ గడువు దాటితే 2018 సవరణ ప్రకారం ఇచ్చినవారూ నేరస్థులే.

పేరు సంగతి? వలలో ఫిర్యాదుదారు పేరు ఎఫ్‌ఐఆర్‌లోనే ఉంటుంది, దాచే ప్రశ్నే లేదు. ఆఫీసు లోపలి మనిషిగా పై అధికారి ఆస్తుల గురించి సమాచారం ఇవ్వాలనుకుంటే అది వేరు. ఆదాయానికి మించిన ఆస్తుల కేసు సమాచారం మీద నడుస్తుంది కాబట్టి ఇచ్చినవారి పేరు కాయితం ఎక్కాల్సిన పనిలేదు. నేరం సమాచారం ఎవరిచ్చారో చెప్పమని పోలీసును కోర్టులో బలవంతపెట్టకూడదని సాక్ష్య చట్టంలోనే ఉంది. కాకపోతే "ఆయనకు చాలా ఉన్నాయి" అంటే ఎవరూ కదలరు. ఊరు, సర్వే నంబరు, ఎవరి పేరున కొన్నారు, ఏ సంవత్సరం. ఇవి చెప్పగలిగితేనే ఫోన్ చేయాలి.

ఆర్టీఐ

లంచం కాదు, పనిలో దోపిడీ అయితే, దానికి కాయితం జాడ ఉంటే, మా లెక్కలో అన్నిటికన్నా మేలైనది ఇదే. నిదానంగా నడుస్తుంది, కానీ చేతికొచ్చిన కాయితం దొంగ కాయితం కాదు, ఆఫీసు ముద్రతో వచ్చింది. అది ఎవరికిచ్చినా, ఎక్కడ చూపినా తప్పు లేదు.

మన తెలంగాణలో గ్రామ స్థాయి ఆఫీసుకు రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. నకలు పేజీకి 2 రూపాయలు. దారిద్ర్యరేఖ దిగువ వారికి ఉచితం. 30 రోజుల్లో జవాబు రావాలి. గడువు దాటితే నకళ్లకు డబ్బు తీసుకోకూడదు. రాకపోయినా తప్పుగా వచ్చినా 30 రోజుల్లో మొదటి అప్పీలు, తర్వాత 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

అడగడంలోనే సగం మంది దెబ్బతింటారు. "సీసీ రోడ్డు నాసిరకంగా ఎందుకు వేశారు?" అని రాస్తే "ఇది సమాచారం కిందికి రాదు" అని ఒక్క ముక్కలో తిప్పి పంపుతారు. కాయితం పేరు పెట్టి అడగాలి: అంచనా, ఒప్పందం, పని కొలతలు రాసే మెజర్‌మెంట్ బుక్ (ఎం.బుక్) పేజీలు, చెల్లింపు వోచర్, నోట్ ఫైల్. చాలామంది వాడని హక్కు ఇంకొకటుంది. వాడిన సామగ్రి నమూనా తీసుకోవచ్చని చట్టం 2వ సెక్షన్‌లోనే ఉంది. ఎం.బుక్‌లో ఆరంగుళాల మందం రాసి నేల మీద నాలుగే పోస్తే, ధ్రువీకరించిన నమూనా ముందు ఏ ఇంజినీరు వాదనా నిలవదు.

ఇక పేరు. దరఖాస్తు చేతిలో పడిన గంటలో సంబంధిత సర్పంచికో కాంట్రాక్టరుకో ఫోన్ పోతుంది, ఇది అందరికీ తెలిసిందే. అందుకని లోపలి మనిషి తన పేరుతో వేయకూడదు, ఆ ఊరి రైతుతో వేయించి ఆయన్ను ఇరికించనూ కూడదు. దేశంలో ఏ పౌరుడైనా ఏ ఆఫీసుకైనా వేయొచ్చు. దేవరకొండ మండలం పని గురించి కరీంనగర్ మనిషి అడగొచ్చు. కారణం చెప్పక్కర్లేదు, సంప్రదించడానికి అవసరమైన వివరం తప్ప వేరేదేమీ ఇవ్వక్కర్లేదు. పోస్ట్ బాక్స్ నంబరు ఇచ్చినా చాలని 2013లో కలకత్తా హైకోర్టు చెప్పింది.

ఇంకో జాగ్రత్త ఉంది. లోపలి మనిషికి మాత్రమే తెలిసే ఫైల్ నంబరు దరఖాస్తులో రాస్తే గుట్టు రట్టయినట్టే. ఆ ఒక్క పని కాకుండా మండలంలో ఆ రెండేళ్లలో జరిగిన సీసీ రోడ్లన్నిటి ఎం.బుక్కులు అడగాలి. పేజీలు వంద పెరిగితే రెండు వందల రూపాయలు ఎక్కువవుతుంది. ఆ రెండు వందలే మీ ముసుగు. మరీ విస్తరించి పదేళ్ల రికార్డంతా అడిగితే ఆఫీసు పని ఆగిపోతుందని అడ్డుచెప్పొచ్చు. అప్పుడు తనిఖీ కోరడం మేలు, మొదటి గంట ఉచితం.

లోపాలూ చిన్నవి కావు. రాష్ట్ర సమాచార కమిషన్ 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా కమిషనర్లు లేక ఖాళీగా ఉంది. అప్పుడు పేరుకున్న అప్పీళ్ల కుప్ప ఒక్కరోజులో కరగదు. పైగా 2023 వ్యక్తిగత డేటా చట్టం ఆర్టీఐ 8(1)(జె)ని మార్చేసింది. "వ్యక్తిగత సమాచారం" అన్న ఒక్క మాటతో లబ్ధిదారుల పేర్లు ఆపొచ్చు. దానికి విరుగుడు 8(2): ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వాలి. దాన్ని మొదటి దరఖాస్తులోనే ఒక వాక్యంగా రాసిపెట్టుకోవాలి, అప్పీలు దాకా ఆగొద్దు.

సీవీసీ కవరు

సీవీసీ అంటే కేంద్ర విజిలెన్స్ కమిషన్. ఇది కేంద్ర ఉద్యోగులు, కేంద్ర సంస్థలు, ప్రభుత్వ బ్యాంకుల మీద మాత్రమే. తహసీల్దారు మీద రాస్తే వృథా. దామరచర్ల యాదాద్రి థర్మల్ ప్లాంటు సంగతే చూడండి: జెన్‌కో రాష్ట్రానిది కాబట్టి దాని ఇంజినీరు మీద ఇక్కడ రాయలేరు, అదే స్థలంలో పనిచేసే కేంద్ర సంస్థ బీహెచ్‌ఈఎల్ అధికారి మీద రాయొచ్చు.

ఈ దారి పుట్టింది ఒక ప్రాణం పోయాక. జాతీయ రహదారి పనుల్లో అవినీతిపై ఇంజినీరు సత్యేంద్ర దూబే 2002లో ప్రధాని కార్యాలయానికి రాశారు, పేరు గోప్యంగా ఉంచమన్నారు. ఆ ఉత్తరం పేరుతో సహా ఆఫీసులన్నీ తిరిగింది. 2003 నవంబరు 27న గయలో ఆయన హత్యకు గురయ్యారు. అది దోపిడీ హత్యని సీబీఐ తేల్చింది. పేరు బయటికి పాకిన తీరు మాత్రం దేశాన్ని కదిలించి, 2004 ఏప్రిల్‌లో ఈ దారి తెరిచిన కేంద్ర ప్రభుత్వ తీర్మానం, పొట్టిగా పీఐడీపీఐ, వచ్చింది.

అందుకే పద్ధతి అంతా పేరు చుట్టూనే. అంటించిన కవరు మీద 'పీఐడీపీఐ' అని రాసి ఢిల్లీలోని సీవీసీ కార్యదర్శికి పోస్టులో పంపాలి. కవరు మీద మీ పేరు ఉండకూడదు, తపాలా శాఖకు ఆ మేరకు ఆదేశాలున్నాయి. పేరు, చిరునామా లోపల విడిగా జతచేసిన ఉత్తరంలో. ఫిర్యాదు పాఠంలో "నా సెక్షన్‌లో", "నేను నోట్ పెట్టినప్పుడు" లాంటి మాట పడిందా, కవరు దాచినదంతా ఆ మాట చెప్పేస్తుంది. ఈమెయిల్‌లో పంపితే ఈ రక్షణ రాదు. తర్వాత మీరే రాశారా అని సీవీసీ ఉత్తరం వస్తుంది, దానికి జవాబివ్వకపోతే ఫిర్యాదు అక్కడే ఆగుతుంది. ఆ ఉత్తరం ఆఫీసు చిరునామాకు రాకుండా చూసుకోండి.

ప్రజావాణి, ఆకాశరామన్న

రెండూ ఒక్క పేరాతో సరి. సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చిన అర్జీ కిందికి దిగుతూ దిగుతూ ఎవరి మీద ఇచ్చారో ఆ ఆఫీసుకే చేరుతుంది, మీ ఫోన్ నంబరుతో సహా. పింఛను రాలేదంటే ప్రజావాణి మేలు, అవినీతికి కాదు. ఆకాశరామన్న ఉత్తరాలపై చర్య తీసుకోవద్దని సీవీసీ సూచనే ఉంది. ఆ ఉత్తరాన్ని ఎదుటి జిరాక్స్ షాపులో టైప్ చేయించేవాళ్ల ధైర్యానికి మాత్రం మెచ్చుకోవాలి.

విలేకరి

అన్నిటికన్నా వేగం, అన్నిటికన్నా ప్రమాదం. మూలం ఎవరో చెప్పనక్కర్లేదన్న హక్కు ప్రెస్ కౌన్సిల్ ముందు ఉంది కానీ, కోర్టులో ఆ భరోసా లేదు. ఉద్యోగికైతే 1964 ప్రవర్తన నియమావళి ప్రకారం అనుమతి లేకుండా ఆఫీసు కాయితం బయటికివ్వడమే క్రమశిక్షణ చర్యకు చాలు, తప్పు నిజమా కాదా అన్నది తర్వాతి మాట. మండల కంట్రిబ్యూటర్ మంచివాడే కావొచ్చు, ప్రకటనల కోసం రోజూ కూర్చునేది మాత్రం ఆ నాయకుల ముందే.

పట్టుబడే తీరు ఎక్కడైనా ఒకటే. 2017లో అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏలో కాంట్రాక్టు ఉద్యోగిని రియాలిటీ విన్నర్ ఒక రహస్య నివేదిక ప్రింటు తీసి పత్రికకు పోస్టులో పంపింది. పత్రిక నిర్ధారణ కోసం నకలు చూపిస్తే మడత గీతలు కనిపించాయి, అంటే ప్రింటు తీసిన కాయితం. లాగ్ చూస్తే ప్రింటు తీసినవాళ్లు ఆరుగురు. అందులో ఆఫీసు కంప్యూటర్ నుంచి ఆ పత్రికకు ఈమెయిల్ పెట్టింది ఆమె ఒక్కతే. ఐదేళ్ల మూడు నెలల జైలు. అంతటి నిఘా సంస్థకు ఆరు పేర్లు లెక్కపెట్టడమే సరిపోయింది.

అందుకని విలేకరిని చివరి మెట్టుగా పెట్టుకోవాలి. ఆర్టీఐలో వచ్చిన కాయితం, దరఖాస్తు పెట్టిన దూరపు మనిషి చేతుల మీదుగా, మండలంలో కాకుండా హైదరాబాద్ డెస్కుకు చేరితే మీ కాల్ రికార్డులో ఏమీ ఉండదు, ప్రవర్తన నియమావళికీ చిక్కరు. ప్రాణాపాయం ఉన్న విషయం, వంతెన, సొరంగం, ఆస్పత్రి లాంటిది అయితే 30 రోజులు ఆగే వీల్లేదు. ఆర్టీఐలో ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారం 48 గంటల్లో ఇవ్వాలన్న నిబంధన వాడుతూనే, పక్కన విలేకరికీ చెప్పక తప్పదు.

ఏ దారిలో పోయినా అసలు ఫైలు ఇంటికి తెచ్చుకోవద్దు. అది పోయిందని మీ మీదే కేసు పెడతారు. ఫోన్‌తో ఫొటో తీయడం కూడా వద్దు. ఎం.బుక్ నంబరు, పేజీ, తేదీ, కొలతలు ఇంట్లో ఒక పాత నోటుబుక్కులో రాసుకోండి. ఆర్టీఐలో నకళ్లు వచ్చినరోజు పక్కనబెట్టి చూస్తే ఏ పేజీ ఎగిరిపోయిందో, ఏ అంకె మీద కొత్త సిరా పడిందో అక్కడే తెలిసిపోతుంది.