బెలూన్ గుడారంలో మంచుయుగం: 250 రూపాయలకి గిట్టుబాటేనా?

పోయిన ఆదివారం వైట్‌ఫీల్డ్‌లో మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌కి డోమ్ షో వచ్చింది. ఫ్యాన్‌తో గాలి కొట్టి నిలబెట్టే గుడారం అది. లోపల జంపఖానా మీద వెల్లకిలా పడుకుని పైకి చూడాలి. తలకి 250.

ముందుగా ఒక మాట, మధ్యాహ్నం స్లాట్ తీసుకోకండి. మేం మూడింటికి వెళ్లాం. లోపలికి పాక్కుంటూ దూరాలి, మా అత్తగారు మోకాళ్లని తిట్టుకుంటూనే దూరారు. తెరంతా మంచుకొండలు, కింద ముప్పై మందికీ చెమటలు. పావుగంటకి కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగి, గుడారం మెల్లగా మా నెత్తి మీదకి వాలింది. పిల్లలు ఒకటే కేకలు! అందరం బయటికి పాకాం.

షో సంగతికొస్తే, మామత్‌లని (ఆనాటి బొచ్చు ఏనుగుల్ని) చూపించి, మంచు కరిగింది, శుభం అనే రకం కాదు. అక్కణ్నుంచే మొదలవుతుంది. మంచుయుగం 11,700 ఏళ్ల కిందట ముగిసింది కదా, కొన్ని వేల ఏళ్లు వెచ్చగా గడిచాక ఉత్తరార్ధగోళం మళ్లీ చల్లబడుతూ వచ్చిందట. వెనక్కిపోయిన హిమానీనదాలు, అంటే కొండల మీంచి మెల్లగా జారే మంచు ప్రవాహాలు, మళ్లీ లోయల్లోకి దిగాయట. బీఎస్సీ చదివాను గానీ ఈ ముక్క నేనెప్పుడూ వినలేదు.

ఎందుకలా అన్నది మాత్రం షోలో కాదు, కరెంటు లేని ఆ ఇరవై నిమిషాల్లో అర్థమైంది. షో నడిపే అబ్బాయిది అనంతపురం. మా గోల విని తెలుగులోకి దిగాడు. బ్యాగులోంచి చెక్క బొంగరం తీసి, తాడు చుట్టి క్లబ్‌హౌస్ గచ్చు మీద వదిలాడు. "వేగం తగ్గేకొద్దీ తల ఎలా చుట్టూ ఊగుతుందో చూడండి. భూమి ఇరుసూ ఇంతే ఆంటీ, కాకపోతే ఒక్క చుట్టుకి దాదాపు 26,000 ఏళ్లు" అన్నాడు. పదకొండు వేల ఏళ్ల కిందట భూమి సూర్యుడికి బాగా దగ్గరయ్యే రోజులు ఉత్తరాన ఎండాకాలంలో పడేవట. ఇరుసు అలా ఊగడం వల్ల అవి జరుగుతూ జరుగుతూ ఇప్పుడు జనవరి మొదట్లో పడుతున్నాయి. అలా అక్కడ వేసవి ఎండ వేల ఏళ్లుగా తగ్గుతూ వచ్చింది. చలికాలంలో పడ్డ మంచు వేసవిలో పూర్తిగా కరగలేదంటే ఏటా కాస్త మిగులుతుంది, పేరుకుంటుంది, బరువెక్కి కిందికి జారుతుంది.

"తీర్చని వడ్డీలాగన్నమాట" అన్నారు మా అత్తగారు.

మన రుతుపవనాలు బలహీనపడిందీ, పచ్చగా ఉన్న సహారా ఎండిపోయిందీ కూడా ఈ లెక్కలోనే అట.

కరెంటు వచ్చాక చూసిన వాటిలో ఆల్ప్స్‌లోని షమోనీ లోయ కథ బాగుంది. పదిహేడో శతాబ్దంలో హిమానీనదం ఊళ్ల మీదకి వచ్చేస్తుంటే 1644లో బిషప్‌ని పిలిపించి ఊరేగింపుగా వెళ్లి ప్రార్థనలు చేయించారట. నేను నవ్వబోతే, "మనం వానల కోసం కప్పలకి పెళ్లి చెయ్యమూ?" అన్నారు అత్తగారు. నోరు మూసుకున్నాను.

నా కంప్లైంటల్లా చివరి గురించే. తర్వాతి బ్యాచ్ బయట నిలబడి ఉందని 1850 దగ్గరే ఆపేశారు. మా పై ఫ్లోర్ అంకుల్ వెంటనే, "చూశావమ్మా, భూమి దానంతటదే చల్లబడుతుంది, అనవసరంగా టెన్షన్" అన్నారు. ఆ తర్వాతి నూట డెబ్బై ఏళ్లలో మనం తగలబెట్టిన బొగ్గూ పెట్రోలూ కలిసి వేడిని ఒక డిగ్రీకి పైగా పెంచాయన్నది చెప్పకపోతే పిల్లలూ అదే అనుకుని ఇంటికెళ్తారు. ఆ అబ్బాయిని అడిగితే ఆ భాగం ఉంది, టైమ్ చాలలేదు అన్నాడు. 5,300 ఏళ్ల కిందట చనిపోయి, 1991లో ఆల్ప్స్‌లో మంచు కరగడంతో బయటపడ్డ మనిషి బొమ్మ కూడా అందులోనే ఉందట. అసలు కోయకూడనిదే కోసేశారు!

అయిదుకి మూడున్నర ఇస్తాను, అందులో ఒకటి బొంగరానికే. పొద్దున స్లాట్ అడగండి, చివరి భాగం వేస్తారో లేదో ముందే కనుక్కోండి. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకి వద్దు.

మా వాడికి అలాంటి బొంగరమే కావాలట. ఇక్కడ షాపుల్లో చూసినవన్నీ ప్లాస్టిక్‌వే. తాడు చుట్టేది బెంగళూరులో ఎక్కడ దొరుకుతుందో తెలిస్తే కాస్త చెప్పండి.