వైజాగ్ నుంచి డల్లాస్: మొదటి 500 కిలోమీటర్లకే 11 గంటలు

మే నెలలో అమ్మని తీసుకుని డల్లాస్‌లో ఉన్న చెల్లి దగ్గరికి వెళ్లొచ్చాను, వచ్చిన దగ్గర్నుంచి అందరూ అడిగేది ఒకటే, ఎన్ని గంటలు పట్టింది అని. మంగళవారం మధ్యాహ్నం 12కి గోపాలపట్నంలో ఇంటికి తాళం వేశాం, బుధవారం మధ్యాహ్నం పన్నెండున్నరకి డల్లాస్‌లో దిగాం, గడియారం లెక్కన ఒక్క రోజే. కానీ ఎండాకాలంలో అక్కడి టైమ్ మనకన్నా పదిన్నర గంటలు వెనక, అంటే ఒంటికి తెలిసింది 35 గంటలు.

ఇంకో తమాషా ఏంటంటే వైజాగ్ 83 డిగ్రీల తూర్పున ఉంది, డల్లాస్ 97 డిగ్రీల పడమర, కలిపితే 180. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పట్టుకుంటే దాదాపు ఉత్తర ధ్రువం మీంచే పోతుంది, సుమారు 14,400 కిలోమీటర్లు. మేం హైదరాబాద్, దుబాయ్ మీదుగా తిరిగాం కాబట్టి 16,000 దాకా అయింది.

అందులో వైజాగ్-హైదరాబాద్ 500 మాత్రమే, ఫ్లైట్ గంటంపావు. దానికే 11 గంటలు పోయాయి, తప్పు నాదే. చవగ్గా వస్తుందని ఆ ముక్కకి టికెట్ వేరేగా తీశాను, లేటయితే అమెరికా ఫ్లైట్ పోతుందని భయపడి మధ్యాహ్నం ఫ్లైటే పట్టుకున్నాం. అమెరికాకి మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు, డొమెస్టిక్‌లో 15 కిలోలే, ఆవకాయ, అప్పడాలు, సున్నుండలు అన్నీ కాటా మీదకెక్కేసరికి మిగిల్చిందంతా ఎక్స్‌ట్రా లగేజీకే కట్టేశా. పైగా హైదరాబాద్‌లో పెట్టెలు మళ్లీ తీసుకుని, ట్రాలీలు తోసుకుంటూ రాత్రి దాకా పడిగాపులు. మొత్తం ప్రయాణం ఒకే పీఎన్ఆర్ మీద, అంటే ఒకే టికెట్‌గా అయ్యుంటే చాలావరకు ఈ గొడవే ఉండేది కాదు.

అమ్మకి వీల్‌చైర్ ముందే పెట్టించాను, డబ్బులేం లేవు, క్యూలన్నీ తప్పాయి. దుబాయ్‌లో 4 గంటలు అసలు తెలీలేదు. తర్వాత 16 గంటల ఫ్లైట్, ఆయిల్ సీట్ కాదు ఐల్ సీట్, అంటే నడిచే దారి పక్క సీటు అని అమ్మకి చెప్పడానికే గంట పట్టింది. వెజ్ భోజనం ముందే బుక్ చేస్తే అందరికన్నా ముందు తెచ్చిస్తారు, రుచి సంగతి అడక్కండి, సున్నుండలే ఆదుకున్నాయి.

తిరుగు ప్రయాణంలో గాలి వెనకనుంచి తోస్తుంది కాబట్టి డల్లాస్-దుబాయ్ పద్నాలుగున్నర గంటల్లో అయిపోయింది. హైదరాబాద్‌లో దిగింది తెల్లవారుజామున, వైజాగ్ ఫ్లైట్ మధ్యాహ్నం, శంషాబాద్‌లో ఒక లాడ్జిలో రూమ్ తీసుకుంటే ఐదు గంటలు ఉన్నందుకే పూర్తి రోజు అద్దె, ఏసీ పనిచెయ్యదు, వేడినీళ్లు రావు. నేను రిసెప్షన్‌లో గొడవ పడి పైకొచ్చేసరికి అమ్మ ఫ్యాన్ కింద కాళ్లు బార్లా చాపుకుని గుర్రు పెడుతోంది.