ఎచింగ్‌లో ముసలమ్మ కోసం ఆమ్‌స్టర్‌డ్యామ్

ఆమ్‌స్టర్‌డ్యామ్ వెళ్లినవాళ్లు డచ్ చిత్రకారుడు రెమ్‌బ్రాంట్ పేరు చెప్పి రైక్స్‌మ్యూజియం అనే పెద్ద మ్యూజియానికి పరుగెడతారు. 1642లో ఆయన వేసిన ‘నైట్ వాచ్’ పెయింటింగ్ అక్కడే ఉంది కాబట్టి తప్పు లేదు. అయితే ఆయన ఎచింగ్‌ల మీద, అంటే రాగి రేకు మీద గీసి కాగితం మీద అచ్చు వేసిన బొమ్మల మీద మనసుంటే, నా ఓటు ఇప్పుడు మ్యూజియంగా ఉన్న ఆయన సొంతింటికే. సెంట్రల్ స్టేషన్ నుంచి మెట్రోలో రెండో స్టాప్ వాటర్‌లూప్లైన్, అక్కడి నుంచి నాలుగడుగులు.

1639లో 13,000 గిల్డర్లకు (అప్పటి డచ్ నాణేలు) అప్పు చేసి కొన్న ఇల్లది. ఆ అప్పు తీరలేదు. 1656లో దివాలా తీశాక సామానంతా జాబితా రాశారు, ఆ జాబితాని పట్టుకునే ఇప్పుడు గదులను మళ్లీ సర్దారు. మనిషి నష్టం మనకి లాభమైంది.

నేను వెతుక్కుంటూ వెళ్లింది 1628 నాటి ముసలమ్మ బొమ్మ కోసం. రెమ్‌బ్రాంట్ తల్లి అంటారు. బొమ్మ మీద ఆమె పేరు లేదు, కాబట్టి ఆ మాట కొంచెం ఆచితూచి నమ్మాలి. బొమ్మ ఆరున్నర సెంటీమీటర్లకి అటూ ఇటూ ఉంటుందంతే. దూరం నుంచి చూస్తే ఏమీ తెలియదు. ముక్కు అద్దానికి ఆనేంత దగ్గరికెళ్తే అప్పుడు మొదలవుతుంది అసలు సంగతి. మొహం మీద గీతలు వెంట్రుకంత సన్నంగా, దట్టంగా ఉన్నాయి. బట్టల దగ్గరికొచ్చేసరికి చెయ్యి వదిలేసినట్టు గబగబా గీసేశాడు. ముడతని ముడతలా గీయలేదు, వెలుగు తగిలేచోట కాగితాన్ని ఖాళీగా వదిలేశాడు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఒకటో, ఇరవై రెండో!

అక్కడ ఎచింగ్ ఎలా చేస్తారో చేసి చూపిస్తారు, అది మాత్రం మానకండి. రాగి రేకుకి మైనం లాంటి పూత పూసి, సూదితో గీస్తారు. పూత లేచిపోయిన చోటే యాసిడ్ రాగిని తింటుంది. ఎక్కువసేపు ఉంచితే గీత లోతై నల్లగా పడుతుంది. తర్వాత ఇంకు రాసి, తుడిచి, తడి కాగితం వేసి ప్రెస్‌లో తిప్పుతారు. బొమ్మ అద్దంలోలా కుడి ఎడమలు తారుమారై వస్తుంది.

వెలుతురుకి కాగితం పాడవుతుందని ఎచింగ్‌లను ఎక్కడైనా మార్చి మార్చి పెడతారు. ఏ ప్రదర్శన నడుస్తోందో ఆ ఇంటి మ్యూజియం సైట్‌లో చూసుకునే టికెట్ తీసుకోండి. జేబులో చిన్న భూతద్దం ఉంటే మంచిది. పాత ఇంట్లో మెట్లు ఇరుకు. మా అత్తయ్య రెయిలింగ్ పట్టుకుని మెల్లగా ఎక్కారు. ఆ ముసలమ్మని చూసి, “పళ్లు లేనట్టుంది, పెదాలు లోపలికి పోయాయి చూడు” అన్నారు. నిజమే, నేను గమనించలేదు.

బస గురించి ఒక్క మాట. కాలువ పక్కన పాత ఇంట్లో దిగాం. లిఫ్ట్ ఉందని రాసింది సామాను కోసమట, మనుషులు నిచ్చెనలాంటి మెట్లెక్కాల్సిందే. గది శుభ్రంగా ఉంది, వాళ్లూ మర్యాదగానే ఉన్నారు, కానీ పెద్దవాళ్లతో వెళ్తే వ్యూ వదులుకుని కింది అంతస్తే అడగండి.

వెళ్లలేనివాళ్లు రైక్స్‌మ్యూజియం సైట్‌లో ఇలాంటి ఎచింగ్‌లు ఉచితంగా, పెద్దవి చేసుకుని చూడొచ్చు. గీతలు అక్కడే ఇంకా బాగా కనిపిస్తాయి. రేకు అంచు కాగితంలో నొక్కుకుపోయిన గాడి మాత్రం ఎదురుగా చూస్తేనే తెలుస్తుంది.