ఒకే మోడల్ కార్లు, వేర్వేరు టైర్లు: ఒక కొండదారి ప్రయాణం

మైదానంలోని నాలుగు వరుసల రహదారి మీదుగా కొండల మీది బసకు వెళ్ళి రావడానికి మిత్రులం రెండు కార్లలో బయలుదేరాం. రెండూ ఒకే మోడల్ కార్లే అయినా, ఒకదానికి కంపెనీ బిగించిన 195/65 ఆర్ 15 టైర్లు, మరొకదానికి తర్వాత వేయించిన 205/55 ఆర్ 16 టైర్లు ఉన్నాయి. మొదటి సంఖ్య మిల్లీమీటర్లలో టైరు వెడల్పు, రెండోది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో తెలిపేది, చివరిది అంగుళాల్లో రిమ్ము వ్యాసం. ఈ మార్పుతో పక్కగోడ ఎత్తు 127 మిల్లీమీటర్ల నుంచి 113కు తగ్గినా, మొత్తం చక్రం వ్యాసంలో తేడా 3 మిల్లీమీటర్ల లోపే కనుక స్పీడోమీటరు లెక్క చెప్పుకోదగినంతగా మారదు.

రహదారి మీద నాకు పెద్దగా తేడా తెలియలేదు. ఘాట్ రోడ్డు మొదలయ్యాక కార్లు మార్చుకుని నడిపితే, వెడల్పు టైర్ల కారు స్టీరింగ్ తిప్పిన మరుక్షణమే మలుపులోకి తిరిగింది. ఎత్తు పక్కగోడల కారులో మాత్రం ముందు పక్కగోడ కాస్త వంగి, ఆ తర్వాతే కారు తిరుగుతున్నట్టు చేతులకు తెలిసింది. పొడి రోడ్డు మీద వెడల్పు టైర్ల కారే నాకు నచ్చింది. అయితే వాన పట్టుకోగానే పరిస్థితి తారుమారైంది. ఆ వెడల్పు టైర్ల గాడులు అరిగి, లోపలి అరుగుదల గుర్తులకు, అంటే 1.6 మిల్లీమీటర్ల లోతుకు, దగ్గరపడ్డాయి. గాడులు నీటిని బయటికి తోయలేనప్పుడు టైరు నీటిపొర మీద తేలుతుంది, వెడల్పు ఎక్కువైతే ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. నీళ్ళు నిలిచిన ఒకచోట స్టీరింగ్ ఉన్నట్టుండి తేలికైపోవడంతో, బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటర్ మీద నుంచి మెల్లగా కాలు తీశాను.

బస ప్రశాంతంగా, శుభ్రంగా ఉంది, కానీ చివరి దారంతా రాళ్ళూ గుంతలూ. పొట్టి పక్కగోడల టైర్లతో వచ్చేవారు ఆ దారిలో రిమ్ము దెబ్బతినకుండా నడక వేగంతోనే వెళ్ళాలి. 15 అంగుళాల చక్రాల కారు అక్కడ ఎంతో హాయిగా సాగింది.

తిరుగు ప్రయాణంలో కొండ కింది టైర్ల దుకాణంలో, అప్పటిదాకా నడిచి వేడెక్కి ఉన్న టైర్లలో గాలి ఒత్తిడి 36 పీఎస్ఐ చూపిందని, డ్రైవర్ తలుపు దగ్గరి పట్టికలో ఉన్న 33కు గాలి తగ్గించారు. ఆ పట్టిక చల్లటి టైర్లకు ఇచ్చినది. మర్నాడు ఉదయం టైర్లు చల్లబడ్డాక చూస్తే 30 కూడా లేదు, స్టీరింగ్ బరువెక్కింది. తర్వాతి ఊళ్ళోని దుకాణదారు బండి ఎంతసేపు నడిచిందో అడిగాకే గేజీ పెట్టారు, అలైన్‌మెంట్, అంటే చక్రాలు సరైన కోణంలో ఉన్నాయో లేదో, చూశారు, అరిగిన కారుకు ప్రస్తుతానికి రెండు కొత్త టైర్లే వేయించుకుంటామంటే వాటిని వెనక చక్రాలకు బిగించారు. తడి రోడ్డు మీద వెనక చక్రాలు పట్టు తప్పితే కారు గిరగిరా తిరిగిపోతుందని, ముందువి జారితే స్టీరింగ్‌తో కొంతైనా సరిదిద్దుకోవచ్చని ఆయన ఓపికగా వివరించారు. అటువైపు వెళ్ళేవారికి ఆ రెండో దుకాణాన్నే సిఫారసు చేస్తాను.