ఎనిమిదడుగుల పాత జాలీ డిష్: ఆరేళ్లకు పైగా వాడాక

వనస్థలిపురంలో మా డాబా మీద ఎనిమిదడుగుల అల్యూమినియం జాలీ డిష్ ఒకటి 1996 నుంచి ఉంది. అంతకు ముందు ఏడాదే మొదలైన ఈటీవీ, జెమిని చానెళ్ల కోసం మా మేనమామ దాన్ని పెట్టించారు. వీధిలోకి కేబుల్ వచ్చాక దాన్ని పట్టించుకున్నవారు లేరు. ఇరవై ఏళ్ల పాటు ఎండకు ఎండి, వానకు తడిసి, బట్టలు ఆరేసే తాడుకు ఒక కొసగా మిగిలింది. 2019 ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త ధరల విధానం అమలులోకి వచ్చి, 130 రూపాయల కనీస రుసుము, దాని మీద 18 శాతం పన్ను, ఆపైన చానెళ్ల ధరలు కలిసి మా ఇంటి నెల బిల్లు పెరిగినప్పుడు, నెలవారీ చందా లేని దూరదర్శన్ ఉపగ్రహ ప్రసార సేవ డీడీ ఫ్రీ డిష్‌ను ఈ పాత గొడుగుతోనే ఎందుకు పట్టకూడదన్న ఆలోచన నాకు వచ్చింది. నాటి నుంచి నేటి వరకు దాన్ని వాడుతూనే ఉన్నాను. ఇలాంటి డిష్ ఇంటి మీద ఉన్నవారికి, ఎవరైనా ఊరికే ఇస్తామంటే తెచ్చుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్నవారికి నా అనుభవం పనికివస్తుందని ఇది రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఒక్క ఫ్రీ డిష్ కోసమే అయితే పెద్ద డిష్‌తో ఇంత శ్రమ అవసరం లేదు, రెండడుగుల చిన్న డిష్ చాలు. పాత డిష్ అసలు విలువ అది పుట్టిన సి-బ్యాండ్‌లోనే, అంటే పొడవైన తరంగాలతో వచ్చే ఉపగ్రహ ప్రసారాలలోనే, ఉంది. ఈ సంగతి నాకు ఏడాదిన్నర వాడాక గానీ అర్థం కాలేదు.

మొదట తెలిసినదేమిటంటే, పాత డిష్‌లో మిగిలే ఆస్తి దాని ఆకారం ఒక్కటే. నాభి (డిష్ మీద పడిన తరంగాలన్నీ వచ్చి కలిసే చోటు) దగ్గర ఉండే పాత తల, అంటే చిన్న మోటారుతో లోపలి సూదిని తిప్పి పోలరైజేషన్ (తరంగాలు అడ్డంగానో నిలువుగానో కంపించే దిశ) మార్చే ఆనాటి ఏర్పాటు, నేటి సెట్‌టాప్ బాక్సులకు పనికిరాదు. ఇప్పటి తలలైన ఎల్‌ఎన్‌బీలు (డిష్ పోగుచేసిన సంకేతాన్ని అందుకొని కేబుల్‌లోకి పంపేవి) బాక్సు పంపే 13 వోల్టులు, 18 వోల్టుల తేడాతోనే ఆ పని చేసుకుంటాయి. కేబుల్ కూడా లోపల పచ్చగా చిలుము పట్టి ఉంది. ఈ రెండింటినీ తీసి పడేశాక, ఆకారం సరిగా ఉందో లేదో చూడటానికి అంచు మీద రెండు దారాలను అడ్డంగా, నిలువుగా బిగించి కట్టాను. అంచు వంకర లేకుండా ఒకే తలంలో ఉంటే ఆ దారాలు మధ్యలో ఒకదానినొకటి తాకీ తాకనట్టు ఉండాలి. మా డిష్‌లో వాటి మధ్య మూడు సెంటీమీటర్ల సందు కనిపించింది. కింది వైపు రెండు కమ్మీలు వంగిపోయి ఉండటమే దానికి కారణం. డిష్‌ను కిందికి దించి, బల్ల మీద బోర్లించి, తుప్పు పట్టిన బోల్టులన్నీ విప్పి, రాణీగంజ్ నుంచి తెచ్చిన స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టులతో మళ్లీ బిగించడానికి రెండు ఆదివారాలు పట్టింది. మొత్తం పనిలో నేను అత్యంత శ్రద్ధ పెట్టింది ఇక్కడే, ఫలితం ఇచ్చింది కూడా ఇదే.

తర్వాతి లెక్క నాభిది. డిష్ వ్యాసం వర్గాన్ని దాని లోతుకు పదహారు రెట్లతో భాగిస్తే నాభ్యంతరం, అంటే డిష్ అడుగు నుంచి నాభికి ఉండే దూరం, వస్తుంది. మా డిష్ వ్యాసం 244 సెంటీమీటర్లు, లోతు 40 సెంటీమీటర్లు. లెక్క కడితే 93 సెంటీమీటర్లు వచ్చింది. పాత తల బిగించిన చోటు 89 దగ్గర ఉంది. కాళ్లు వంగి కిందికి దిగినట్టుంది, వాటిని సరిచేసి నాలుగు సెంటీమీటర్లు పైకి జరిపాను.

ఫ్రీ డిష్ ప్రసారాలు 93.5 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-15 ఉపగ్రహం నుంచి కేయూ-బ్యాండ్‌లో, అంటే సి-బ్యాండ్ కంటే పొట్టి తరంగాలతో, వస్తాయి. హైదరాబాద్ నుంచి చూస్తే ఆ ఉపగ్రహం ఆగ్నేయ దిశగా, ఉత్తరం నుంచి సుమారు 138 డిగ్రీల దగ్గర, నేల నుంచి 63 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. ఇక్కడ రెండు ఇబ్బందులు ఎదురయ్యాయి. సి-బ్యాండ్ తరంగం ఏడున్నర సెంటీమీటర్ల పొడవు ఉంటుంది కాబట్టి ఆనాటి జాలీకి పెద్ద కన్నాలున్నా చెల్లిపోయింది. కేయూ-బ్యాండ్ తరంగం పొడవు మూడు సెంటీమీటర్లకు లోపే కాబట్టి అందులో కొంత భాగం జాలీ గుండా జారిపోతుంది. అందుకని కిటికీలకు వేసే సన్నటి అల్యూమినియం దోమల జాలీని మధ్య భాగంలో ఐదడుగుల మేర పాత జాలీ మీదే బిగువుగా పరిచి, తీగతో కుట్టాను. ఐదడుగులే ఎందుకంటే, బజారులో దొరికే కేయూ ఎల్‌ఎన్‌బీ మూతి, తల ఒక పక్కకు ఉండే చిన్న ఆఫ్‌సెట్ డిష్‌లకు సరిపడే వెడల్పులోనే చూస్తుంది. మా డిష్ వంటి లోతైన దాని నాభిలో పెడితే అది మధ్యలోని ఐదడుగుల వృత్తాన్ని మాత్రమే వాడుకుంటుంది. అంటే ఎనిమిదడుగుల డిష్ ఉన్నా కేయూ-బ్యాండ్‌కు అది ఐదడుగుల డిష్‌గానే పనిచేస్తుంది.

అయినా ఫలితం తీసిపారేయదగినది కాదు. గుజరాతీ గల్లీలో 250 రూపాయలకు కొన్న ఎల్‌ఎన్‌బీతో, మామూలు ఎంపెగ్-2 (పాత రకం వీడియో కుదింపు) బాక్సుతో, సిగ్నల్ నాణ్యత పక్కింటి రెండడుగుల డిష్ మీద 62 చూపిస్తే మా దాని మీద 78 చూపించింది. 2019 వానాకాలంలో జోరు వాన పడినప్పుడు వారి బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోయి ఆగిపోయిన తర్వాత కూడా మా ఇంట్లో డీడీ యాదగిరి చాలాసేపు నడిచేది. కానీ ఐదడుగుల మేర పనిచేసే డిష్ చూపు (సంకేతాన్ని పట్టే కోణం) కేయూ-బ్యాండ్‌లో ఒకటింబావు డిగ్రీకి మించదు. చిన్న డిష్‌కైతే మూడు డిగ్రీల వెసులుబాటు ఉంటుంది. మే నెల సాయంత్రాలలో హైదరాబాద్‌లో వీచే ఈదురుగాలి, సన్న జాలీ వేయడం వల్ల ఇంకా ఎక్కువగా పట్టి, డిష్‌ను కొద్దిగా తిప్పేది. ఆ కొద్దిపాటి కదలికకే చానెళ్లన్నీ పోయేవి. 2020 మేలో ఒక్క నెలలోనే మూడుసార్లు డాబా ఎక్కి సరిచేయవలసి వచ్చింది. మా అమ్మ వార్తలు చూసే వేళకు తెర మీద నీలం రంగు తప్ప మరేమీ లేకపోవడం నాకు చాలా బాధ కలిగించేది, ఎందుకంటే ఆమె ఎప్పుడూ ఫిర్యాదు చేయలేదు, లేచి రేడియో పెట్టుకునేది.

ఆ జూన్‌లో నిర్ణయం మార్చుకున్నాను. ఫ్రీ డిష్‌కు పిట్టగోడ మీద రెండడుగుల డిష్ వేరుగా పెట్టి, సన్న జాలీ విప్పేసి, పెద్ద డిష్‌ను పడమటి వైపు 66 డిగ్రీల తూర్పున ఉన్న ఇంటెల్‌శాట్-17కు తిప్పాను. రెండు కేబుళ్లను, బాక్సు ఆదేశాన్ని బట్టి డిష్ మార్చే డైసెక్ స్విచ్ ద్వారా ఒకే బాక్సుకు కలిపాను, ఆ బాక్సు కొత్త రకం కుదింపైన ఎంపెగ్-4 చానెళ్లనూ చూపే రకం. హైదరాబాద్ నుంచి ఈ ఉపగ్రహం నైరుతి దిశలో 65 డిగ్రీల ఎత్తున ఉంటుంది. దక్షిణం నుంచి మెల్లగా తిప్పుకుంటూ వస్తే దీనికి రెండున్నర డిగ్రీల ముందే 68.5 దగ్గరి ఇంటెల్‌శాట్-20 తగులుతుంది. అది దొరికిందంటే ఇంకొంచెం జరిపితే చాలు. సి-బ్యాండ్‌లో ఎనిమిదడుగుల డిష్ చూపు రెండు డిగ్రీలకు పైగా ఉంటుంది కాబట్టి ఆ తర్వాత గాలికి బొమ్మ పోయిన సందర్భాలు రెండే. ఎల్‌ఎన్‌బీ మూతి చుట్టూ ఉండే స్కేలార్ రింగు మీది గీతను 0.38 దగ్గర (నాభ్యంతరాన్ని వ్యాసంతో భాగిస్తే వచ్చే అంకె) నిలిపితే ఎల్‌ఎన్‌బీ డిష్ మొత్తాన్నీ వాడుకుంటుంది. చందా కట్టనవసరం లేని తెలుగు వార్తా చానెళ్లు, భక్తి చానెళ్లు ఇందులో దొరికాయి. ఏ చానెల్ ఎప్పుడు తాళం వేసుకుంటుందో (చందా కడితేనే కనిపించేలా మారుతుందో), ఏ ట్రాన్స్‌పాండర్‌కు (ఉపగ్రహంలోని ప్రసార యంత్రానికి) మారుతుందో చెప్పలేము కాబట్టి నెలకోసారి కొత్తగా వెతికించుకోవాలి, ఆ ఓపిక లేనివారికి ఈ పద్ధతి సరిపడదు.

వానకు తట్టుకోవడం అంటే ఏమిటో 2020 అక్టోబరు 13 రాత్రి చూశాను. ఘట్‌కేసర్ వైపు 30 సెంటీమీటర్లకు పైగా కురిసిన ఆ రోజు మా కాలనీలో కరెంటు లేదు, రోడ్డు మీద మోకాలి లోతు నీరు. ఇన్వర్టర్ మీద టీవీ పెడితే చిన్న డిష్ నుంచి ఏమీ రాలేదు. పెద్ద డిష్ మీద తెలుగు వార్తలు ఒక్కసారి కూడా ఆగకుండా వచ్చాయి. ఏ చెరువు కట్ట తెగిందో, ఏ రోడ్డు మూసేశారో మేము, మా కింది వాటావారు, ఎదురింటివారు కలిసి అర్ధరాత్రి దాకా అందులోనే చూశాం. ఈ డిష్ మీద పెట్టిన శ్రమ గురించి నాకు ఆ తర్వాత ఎప్పుడూ సందేహం కలగలేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. 2022 అక్టోబరులో దేశంలో 5జీ మొదలై, మా దగ్గర కొత్త టవరు పెట్టాక కొన్ని చానెళ్లు తరచూ తెగిపోసాగాయి. మన దేశంలో 5జీకి ఇచ్చిన పౌనఃపున్యాలలో 3300 నుంచి 3670 మెగాహెర్ట్జ్ వరకు ఒక పట్టీ ఉంది. 3400 నుంచే వినే మామూలు సి-బ్యాండ్ ఎల్‌ఎన్‌బీ ఆ దగ్గరి బలమైన సంకేతానికి ఉక్కిరిబిక్కిరి అవుతుంది. చాలా రోజులు కనెక్టర్లనే అనుమానించి మార్చుకుంటూ వృథా చేశాను. చివరికి 3700 నుంచి 4200 వరకే లోనికి రానిచ్చే ఫిల్టరున్న ఎల్‌ఎన్‌బీ వేశాక ఆ బాధ పోయింది. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవారు ముందే దాన్ని కొనడం మంచిది.

డిష్ ఇంచుమించు ఆకాశం వైపే తెరుచుకొని ఉంటుంది కాబట్టి ఎల్‌ఎన్‌బీ మూతి కిందికి, కనెక్టర్ పైకి ఉంటాయి. నీరు దిగేది కనెక్టర్‌లోకే. దాని మీద పెరుగు డబ్బా బోర్లించి కట్టాను, నాలుగేళ్లుగా చుక్క దిగలేదు. పావురాలు అంచు మీద వాలితే ఏమీ కాదు, కాళ్ల మధ్య గూడు కడితే మాత్రం తీసేయాలి. మార్చి నెల మధ్యలోనూ, సెప్టెంబరు చివరి, అక్టోబరు మొదటి రోజుల్లోనూ మధ్యాహ్నం ఒంటిగంట దాటాక సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనుకకు వచ్చి కొద్ది నిమిషాలు బొమ్మ పోతుంది; అప్పుడు దేనినీ ముట్టుకోకుండా ఊరుకోవాలి.

గత నెల చైతన్యపురిలో మా స్నేహితుడి బంధువులు ఇల్లు పడగొట్టి కడుతూ, పన్నెండడుగుల డిష్ ఉంది, తీసుకువెళ్లమని కబురు పెట్టారు. ట్రాలీ ఆటో మాట్లాడుకునే ముందు మేము రెండు దారాలు జేబులో పెట్టుకొని వెళ్లాం. మధ్యలో సందు ఏడు సెంటీమీటర్లు ఉంది, ఒక రేకు డిష్ నడిమి బుడిపె దగ్గర చీలిపోయి ఉంది. యు-బోల్టులు, నిలువు పైపు మాత్రం తెచ్చుకున్నాం. ఆ పైపు మా పాతదాని కంటే మందంగా ఉంది కాబట్టి వచ్చే వేసవి గాలులకు ముందే దాన్ని మార్చాలని వెల్డింగ్ అతనికి చెప్పి ఉంచాను.