హీరోస్ 3లో ఓడలు: ఇరవై ఏళ్ల ఆట తరువాత నా సమీక్ష

న్యూ వరల్డ్ కంప్యూటింగ్ రూపొందించగా 1999లో విడుదలైన ‘హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్ 3’ అనే కంప్యూటర్ యుద్ధవ్యూహ ఆటను నేను ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో, విజయవాడ గవర్నరుపేటలోని ఒక ఇంటర్నెట్ సెంటరులో మొదటిసారి చూశాను. ఆ తరువాత ఇంట్లో కంప్యూటర్లు నాలుగు మారాయి. ఈ ఆటను మాత్రం ప్రతి కొత్త కంప్యూటరులోనూ ముందుగా ఎక్కించుకున్నాను. డ్రాగన్ల గురించీ మంత్రాల గురించీ రాసినవారు చాలామంది ఉన్నారు కనుక ఈ సమీక్షను ఓడలకే పరిమితం చేస్తున్నాను. సముద్రం ఉన్న మ్యాపుల్లో గెలుపు ఓటములను నిర్ణయించేది ఓడను ఎప్పుడు కట్టించాం, అందులో ఎవరిని ఎక్కించాం అన్న రెండు విషయాలేనని నా అనుభవం.

ఒక ఓడకు 1000 బంగారు నాణేలూ 10 కలపా ఖర్చవుతాయి. నాణేల సంగతి ఎలాగో గడుస్తుంది గానీ, కలప దగ్గరే చిక్కు వస్తుంది. పట్టణంలో షిప్‌యార్డు (ఓడలు తయారయ్యే చోటు) కట్టడానికే 20 కలప కావాలి. ఒక కలప కోత మిల్లు రోజుకు (ఆటలో ఒక వంతు ఒక రోజు) 2 కలప మాత్రమే ఇస్తుంది కనుక, చేతిలో నిల్వ లేకపోతే షిప్‌యార్డుకూ తొలి ఓడకూ కలిపి పదిహేను రోజుల రాబడి పోతుంది. అదే సమయంలో కోట కట్టడానికి మరో 20 కలప అవసరమవుతుంది, కోట లేనిదే సైన్యం పెరగదు. తొలి రోజుల్లో నేను ఆత్రంగా షిప్‌యార్డు కట్టి, సైన్యం లేని ఓడను రేవులో ఉంచుకుని కూర్చున్న సందర్భాలు ఎన్నో ఉన్నాయి. ఇప్పుడు రెండో మిల్లు చేతికి వచ్చేదాకా ఓడ ఊసే ఎత్తను. ఇంకొక సంగతి, షిప్‌యార్డు అన్ని పట్టణాలకూ లేదు; కాజిల్, నెక్రోపోలిస్, ఫోర్ట్రెస్ వంటివాటికి ఉంది, ఇన్‌ఫెర్నో, డంజన్ వంటివాటికి లేదు. లేనివారు మ్యాపు మీద విడిగా ఉండే షిప్‌యార్డును వెతుక్కోవాలి.

సరంగునూ కళాసీలనూ ఈ ఆటలో విడిగా నియమించుకునే పద్ధతి లేదు. ఒక ఓడలో సైన్యాన్ని నడిపే నాయకుడు (హీరో) ఒక్కడే ఎక్కగలడు, అతని వెంట ఉన్న ఏడు దళాలే ఓడ సిబ్బంది. నేల మీద నాయకుడి వేగం దళాలన్నిటిలోకీ నిదానమైనదాన్ని బట్టి ఉంటుంది, నీటి మీద ఆ లెక్క వర్తించదు. అందువల్ల నేల మీద కాళ్లీడ్చే వాకింగ్ డెడ్ (నడిచే శవాల) దళం సముద్రంలో వేగంగా ఎగిరే గ్రిఫిన్లతో సమానంగా సాగిపోతుంది. ఈ సంగతి గ్రహించడానికి నాకు కొన్నేళ్లు పట్టింది; గ్రహించాక, నేల మీద బరువుగా తోచే దళాలనే ముందుగా ఓడ ఎక్కిస్తున్నాను. మూడు నాలుగు పట్టణాల సైన్యాన్ని కలిపి ఎక్కిస్తే మాత్రం వారి మనోబలం తగ్గుతుంది, శవాల దళం తోడైతే మరింత తగ్గుతుంది.

సుడిగుండం మరో పరీక్ష. అందులోకి దిగితే ఓడ వేరొక సుడిగుండం దగ్గర తేలుతుంది గానీ, అన్నిటికంటే బలహీనమైన దళంలో సగం మంది మునిగిపోతారు. అందుకే ప్రయాణానికి ముందు చవకైన సైనికుణ్ణి ఒక్కణ్ణి విడి దళంగా ఉంచుతాను, నష్టం అతనితో ఆగిపోతుంది.

ఓడ ఎక్కినా దిగినా ఆ రోజుకు నడక అయిపోతుందన్న నియమం నాకు అన్నిటికంటే ఖరీదైన పాఠం నేర్పింది. ఒక ఆదివారం మా బావమరిదితో ఒకే కంప్యూటరు మీద వంతులవారీగా ఆడుతూ, రెండు వారాలు కూడబెట్టిన విలుకాళ్లను అతని కోట ఎదుటి ఒడ్డునే దింపాను. కదలలేక నిలబడిన నా సైన్యాన్ని అతను తన వంతు రాగానే తుడిచిపెట్టాడు. అప్పటినుంచి శత్రువు ఒక రోజులో చేరలేని ఒడ్డునే దిగుతున్నాను, రేవుకు కూడా ఆనాటి నడక ముగిసే వేళకు చేరేలా బయలుదేరుతున్నాను.

సముద్రంలో తేలే కలప, పెట్టెలు, ఓడ మునిగి బతికి బయటపడినవారు దారిలో కనిపిస్తారు. బతికినవాణ్ణి చేరదీస్తే మనకు ఒక మహిమగల వస్తువు ఇస్తాడు. ఈ ఘట్టం వచ్చినప్పుడల్లా నాకు మన తీరంలోని మోటుపల్లి శాసనం గుర్తుకు వస్తుంది. తుఫానుకు దెబ్బతిన్న ఓడల సరుకును పూర్వపు రాజులు లాక్కునేవారనీ, తాను సుంకం మాత్రమే తీసుకుంటాననీ కాకతీయ గణపతిదేవుడు 1244లో వర్తకులకు అభయమిచ్చాడు.

లోపాలు లేకపోలేదు. కట్టిన ఓడను బలపరచుకునే వీలు లేదు, ఎంత ఖర్చు పెట్టినా అదే ఓడ. కంప్యూటరు ప్రత్యర్థి నీటి మీద తడబడుతుంది కనుక అసలు రుచి మనిషితో ఆడినప్పుడే తెలుస్తుంది. నాయకుడు నేర్చుకునే నావిగేషన్ (ఓడ నడిపే) విద్యను చాలామంది వృథా అంటారు. అది మొదటి మెట్టులోనే సముద్ర వేగాన్ని 50 శాతం, చివరి మెట్టులో 150 శాతం పెంచుతుంది. దీవుల మ్యాపులో కాజిల్ తీసుకుంటే, ఆ విద్యలో ప్రత్యేకత ఉన్న సిల్వియాను ఓడకు నాయకురాలిగా పెట్టి, పట్టణంలో లైట్‌హౌసు కట్టించి ఆడమని కొత్తవారికి చెబుతాను.