శ్వాసనాళంలో కణితి: లేజరా, క్రయోనా?

కణితి అడ్డుపడి మనిషి రొప్పుతుంటే నా ఓటు లేజర్‌కే. అక్కడికక్కడే కాల్చేసి దారి తెరుస్తుంది. కాకపోతే నిప్పుతో పని: ఇచ్చే ఆక్సిజన్ 40 శాతం దాటకుండా చూసుకోవాలి, లేదంటే నాళంలోనే మంట అంటుకోవచ్చు.

క్రయోకి, అంటే చలితో గడ్డకట్టించి కణితిని చంపే చికిత్సకి, ఆ టెన్షన్ లేదు. బ్రాంకోస్కోప్‌లోంచి (శ్వాసనాళంలోకి దింపి చూసే గొట్టం) సన్నటి ప్రోబ్, అంటే కడ్డీ, దింపుతారు. దాని లోపల నైట్రస్ ఆక్సైడ్ వాయువు ఒక్కసారిగా వ్యాకోచించడంతో దాని కొన మైనస్ 89 డిగ్రీల దాకా చల్లబడుతుంది. గడ్డకట్టించడం, కరగనివ్వడం, మళ్లీ అదే. లోపల మంచు పలుకులు ఏర్పడి కణాలు చనిపోతాయి. నాళాన్ని నిలబెట్టే మృదులాస్థి మాత్రం ఈ చలిని తట్టుకుంటుంది, అందుకే చిల్లు పడే భయం తక్కువ. అయితే చచ్చిన కణజాలం ఊడటానికి రోజులు పడుతుంది. దాన్ని తీయడానికి మళ్లీ బ్రాంకోస్కోపీ. ఊపిరాడనివాళ్లకి అంత వ్యవధి ఎక్కడిది? కణితిని ప్రోబ్‌కే అతికించి లాగేసే పద్ధతీ ఉంది. దారి వెంటనే వస్తుంది గానీ రక్తస్రావానికి సిద్ధంగా ఉండాలి.